దండ తీసిన ఫొటో

మా వెనక వీధి దాలమ్మ అత్తకి ఒక్కడే కొడుకు, పరదేశి. బొబ్బిలి దగ్గర్నుంచి పొట్ట చేత పట్టుకుని రాయపూర్ వచ్చిన కుటుంబం. మా నాన్నకున్నట్టు రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం వాళ్లకి లేదు. మొగుడు పోయాక తల్లీకొడుకులిద్దరూ పొద్దున్నే మా డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ మలుపులో బస్సెక్కి ఆరంగ్ వైపు పొలాలకి కూలికెళ్లేవాళ్లు. నాట్లప్పుడు దాహమైతే ఎవరూ గట్టు మీది బిందె దాకా లేచి వెళ్లక్కర్లేదు. పరదేశే చెంబుతో తెచ్చి దోసిళ్లలో పోసేవాడు. "కూలికొచ్చావా, చలివేంద్రం పెట్టావా" అని మేస్త్రీ తిట్టేవాడట. తిట్లు తింటూనే పోసేవాడు.

అలాంటివాడు నక్సలైట్ల మీదికి పంపే ఫోర్సులో చేరి, లడ్డూల డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చాడు. నేను నర్సుని. బస్తర్ అడవుల్లోంచి హెలికాప్టర్లో వచ్చే కుర్రాళ్ల ఒళ్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాకసలే కోపం తొందర.

"నీకింకే ఉద్యోగమూ దొరకలేదట్రా?" అని కసిరాను.

"నాట్లయిపోనాక మాకు పనెక్కడిది రేచలక్కా? అమ్మని ఎన్నాల్లు ఎండలో వొంచమంతావు?" అని నవ్వాడు. లడ్డూ తీసుకున్నాను గాని తినలేకపోయాను.

అడవిలో ఉన్నన్నాళ్లూ ఫోన్ చేస్తే తిండి గురించే చెప్పేవాడు, తుపాకీ మాటెత్తేవాడు కాదు. ఒక సాయంత్రం మాత్రం ఏడుస్తూ చేశాడు. అత్తకి స్పీకరు పెట్టి మాట్లాడ్డం తప్ప ఇంకోలా రాదు, అందుకని పక్కనున్న నేనూ విన్నాను. కాల్పులు ఆగాక అవతలి పక్షం కుర్రాడొకడు పొట్టలో తూటాతో దొరికాడట. వాణ్ణి హెలికాప్టర్ దాకా మోసింది వీడే.

"నీల్లడిగినాడే అమ్మా. మన బాసలోనే. నువ్వు మాటాడినట్టే మాటాడినాడు. పొట్టలో గుండు తగిల్నోడికి నీల్లియ్యకూడదని మాకు ట్రైనింగులో సెప్పినారు. నానియ్యనేదు."

"ఇస్తే సచ్చిపోడేట్రా నాయనా? ఇయ్యకపోడమే మంచిది."

"తెలుసే. అయినా నా నడుంకి బాటిలుంది. ఆడు దాన్నే సూసినాడు." ముక్కు చీదుకుని మళ్లీ అందుకున్నాడు. "ఆణ్ణి రేచలక్క ఆస్పత్రికే తెచ్చినారు. తెలివొచ్చినాక నువ్వెల్లి కాసిన్ని నీల్లియ్యే, నానిచ్చినట్టు. వొచ్చే నెల సెలవుకి నానే వొస్తాను."

ఆ కుర్రాడు, బంగారయ్య, మా వార్డులోనే పోలీసు కాపలాలో ఉన్నాడు. అత్త రోజూ నీళ్ల సీసా పట్టుకుని గేటు దాకా వచ్చేది. "ఇవాళా తెలివి రాలేదత్తా" అని చెప్పి పంపించేదాన్ని. ఈలోగా బస్తర్‌లో రోడ్డు కింద మందుపాతర పేలి పరదేశి పోయాడు. పెట్టెలో తెచ్చారు. కాలనీ అంతా జెండాలు, నినాదాలు. అంత గోలలోనూ అత్త నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది.

"సివర్లో నా కొడుకు గొంతులో ఎవులైనా నీల్లు పోసినారేటి పాపా?"

నాకు తెలీదు. ఎవరికీ తెలీదు.

పరదేశి పెద్దకర్మ కాకముందే బంగారయ్య కూడా తెలివి రాకుండానే పోయాడు. బొబ్బిలి వైపు నుంచి వాళ్లమ్మ నాంచారమ్మ ఒక్కతే వచ్చింది. శవాన్ని మర్నాడు గాని ఇవ్వమన్నారు. ఆవిడ ఎవరి తల్లో తెలిసి లాడ్జీవాడు గది లేదు పొమ్మన్నాడు. ఒళ్లు మండి, అత్తకి ఫోన్ చేసి వాణ్ణి నాలుగు తిట్టుకున్నాను.

"మా ఇంటికి తీసుకురా," అంది అత్త.

"మతి పోయిందా అత్తా? ఆ పక్షం వాళ్లే కదా పరదేశిని..."

"మందుపాతర ఆయమ్మ పాతిందేటి? తీసుకురా. నా కొడుకు పోనాడని మాత్రం సెప్పకు. తెలిస్తే ఆ తల్లికి నా ఇంట్లో ముద్ద దిగుతాదా?"

మేం వెళ్లేసరికి గోడ మీద యూనిఫాంలో ఉన్న పరదేశి ఫొటోకి దండ లేదు. నుదుటి దగ్గర అద్దం మీద బొట్టు తుడిచిన తడి ఇంకా ఆరలేదు. బియ్యం డబ్బా వెనక నుంచి దండ కొస కనిపిస్తుంటే కాలితో లోపలికి నెట్టాను.

అత్త కంచంలో అన్నం పెట్టింది. నాంచారమ్మ కలుపుతోందే గాని తినడం లేదు. తలెత్తి ఫొటో చూసింది.

"నీ కొడుకా అప్పా? పోలీసా?"

"జవాను. నీ కొడుకుని అడివిలోంచి మోసుకొచ్చినోడు ఆడే."

నాంచారమ్మ చెయ్యి ఆగిపోయింది. "నా కొడుకు ఏటైనా అన్నాడంటా?"

"నీల్లడిగినాడంట."

"పోసినాడా?"

అత్త నా వైపు చూడలేదు. "పోసినాడు. దోసిట్లో పోసినాడంట. నీ కొడుకు దాహం తీరా తాగినాడమ్మా."

ఆస్పత్రిలో చుక్క కన్నీరు పెట్టని మనిషి అప్పుడు భోరుమంది. ఏడ్చి ఏడ్చి, కంచంలో అన్నం మొత్తం తింది. చెయ్యి కడుక్కుని ఫొటో దగ్గరికెళ్లి, రెండు చేతులూ పరదేశి బుగ్గలకి ఆనించి, తన కణతల దగ్గర మెటికలు విరుచుకుంది. బతికున్న బిడ్డకి దిష్టి తీసినట్టే తీసింది.

"నీ కొడుకు నూరేల్లు బతకాలప్పా. సెలవుకెప్పుడొస్తాడు?"

నేను ఎంగిలి కంచం తియ్యడానికి వంగాను.

"వొచ్చే నెల వొస్తానన్నాడమ్మా," అంది అత్త, ఆవిడ చేతికి నీళ్ల చెంబు అందిస్తూ.