నొప్పికి ఒక గడి

డ్యూటీ బట్టలు మెషిన్లో వేయకూడదు. ఆ ఇంట్లో ఎవరూ రాసిపెట్టని చట్టం అది. ఉపేందర్ బొగ్గుబాయిలోకి దిగి పనిచేసే మనిషి. షిఫ్టు అయిపోయి ఇంటికొచ్చేసరికి అతని ప్యాంటూ చొక్కా బొగ్గుపొడి, చమురు, పైకప్పు నుంచి కారే నీళ్ళు కలిసి అట్టకట్టి ఉంటాయి. మెషిన్ కొన్న రోజే చెప్పేశాడు, "నా డ్యూటీ బట్టలు దీంట్ల ఎయ్యకు. బొగ్గుకు మెషిన్ ఖరాబైతది. అయ్యి చేత్తోటే ఉతుకు." మెషిన్ ఖరాబు కాకూడదన్న మాటలో తప్పేమీ లేదు కనుక భార్య మమత తలూపింది. అప్పటినుంచి రోజూ ఆ బట్టల్ని బకెట్లో నానబెట్టడం, బండమీద రుద్దడం, రెండుసార్లు పిండడం. ఆ ముతక గుడ్డను పిండాలంటే మోచేతి దగ్గర నరాలన్నీ మెలిపడతాయి. మెషిన్ మాత్రం మూడేళ్ళయినా కొత్తదానిలా ఉంది.

రెండేళ్ళుగా ఆమె కుడి మోచేయి లోపలివైపు నొప్పి. ఒక్కసారి నోరు తెరిచి చెప్పింది. అత్త సమ్మవ్వ చిక్కుడుకాయలు ఒలుస్తూ, "ఆడోళ్ళ చేతులు నొయ్యక ఎవలియి నొస్తయే?" అంది. ఉపేందర్ ఫోన్లోంచి తలెత్తకుండా "బామ్ రాస్కో" అన్నాడు. కోపంగా అనలేదు, ప్రేమగానూ అనలేదు. ఫ్యాన్ రెండు మీద పెట్టు అన్నట్టు అన్నాడు. ఆ విషయం అక్కడితో ముగిసిందని ముగ్గురికీ అనిపించింది. నొప్పికి మాత్రం ఆ సంగతి తెలియదు.

మమతకూ ఆ బొగ్గు కంపెనీలోనే ఉద్యోగం. ఆమె తండ్రి కొమురెల్లి ఊపిరితిత్తులు పాడై అన్‌ఫిట్ అయినప్పుడు ఆ కొలువు కూతురికి వచ్చింది. జనరల్ మజ్దూర్ అన్నారు, పోస్టింగు ఆఫీసర్ల క్లబ్బు గోల్ఫు మైదానంలో ఇచ్చారు. ఓపెన్‌కాస్టు గని తవ్వినప్పుడు తీసిపోసిన మట్టిగుట్టను చదును చేసి, గడ్డి నాటి, దాన్ని మైదానం అన్నారు. బంతులు కొట్టేది ఆఫీసర్లు, ఏరేది మమత. ఉపేందర్ దోస్తుల ముందు దీన్ని ఎప్పుడూ ఒకే రకంగా చెప్పి నవ్విస్తాడు. "దొరలు పారేస్తరు, మా ఆమె ఏరుకస్తది." ఆమె కూడా నవ్వేది. నాలుగేళ్ళయ్యాక నవ్వడం మానేసింది, కానీ ఎవరూ గమనించలేదు.

ఆ మైదానానికి ఎక్కువగా వచ్చేవాడు ఉమామహేశ్వర్ సార్. మంథని మనిషి, పెద్ద ఇంజనీరు, యాభై ఆరేళ్ళుంటాయి. ఆయనకు మోచేయి నొప్పి. ఈ సంగతి క్లబ్బులో వంటమనిషి దగ్గర్నుంచి కారు డ్రైవరు దాకా అందరికీ తెలుసు. నొప్పి వచ్చిన రోజు అందరూ అడుగుతారు, రాని రోజు ఎందుకు రాలేదని కూడా అడుగుతారు. ఒక సోమవారం పొద్దున ఆయన ఐరన్లనే గోల్ఫు కర్రలు రెండు పట్టుకొచ్చి మమతను పిలిచాడు.

"ఇటు చూడమ్మా. రెండూ ఏడో నంబరే, తల ఒక్కటే. షాఫ్టు, అంటే ఈ కాడ, అదొక్కటే వేరు. ఇది స్టీలు, నూటఇరవై గ్రాములు. ఈ నల్లది గ్రాఫైట్, అరవై అయిదు. తేడా ఎంత? ఒక కోడిగుడ్డంత. ఆ కోడిగుడ్డు తగ్గితే నా మోచెయ్యి బతుకుతదా లేదా, వారం రోజులు టెస్టు చేద్దాం."

అట్టకు కాగితం బిగించి స్కేలుతో గీతలు గీశాడు. బంతి నంబరు, ఏ షాఫ్టు, ఎన్ని గజాలు, కుడికా ఎడమకా. చివర్న ఒక గడి మీద 'నొప్పి' అని రాశాడు.

"దీంట్ల ఏం రాయాలె సార్?" అని అడిగింది మమత.

"పదికి ఎంతో నేను చెప్త. సున్నా అంటే లేనట్టు, పది అంటే ఏడిసినట్టు. ప్రతి పది బంతులకు నువ్వొచ్చి అడగాలె. మరిచిపోకు, అన్నిట్లకంటె అదే ముఖ్యం."

స్టీలుతో కొట్టిన బంతి పడ్డచోట ఎర్రజెండా, గ్రాఫైటుతో కొట్టిన బంతికి పచ్చజెండా గుచ్చాలి. పది బంతులయ్యాక గుట్ట ఆ కొస నుంచి నడిచొచ్చి, "నొప్పి ఎంత సార్?" అనాలి. ఆయన కళ్ళు మూసుకునేవాడు. మోచేతి మీద ఎడమచెయ్యి వేసుకుని, లోపల ఏదో వెతుక్కుంటున్నట్టు నిలబడేవాడు. "ఆరు. కాదు, ఆరున్నర రాయి" అనేవాడు. మమత ఆరున్నర అని రాసేది. మొదటిసారి రాస్తున్నప్పుడు ఆమెకు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. నొప్పికి లెక్క ఉంటుందని, అర మార్కు తేడా కూడా ఒక తేడాయేనని, దాన్ని అడగడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకోవచ్చని ఆమెకు తెలియదు. ఒకరి నొప్పి ఇంకొకరి డ్యూటీ కావడం ఆమెకు బాగా తెలిసిన సంగతే. అయితే ఎప్పుడూ ఆమె అడిగేవైపే నిలబడింది.

మొదటి రెండు రోజులూ పచ్చజెండాలన్నీ ఎడమకే పోయాయి. సార్‌కు చిరాకేసింది. "తేలిక సరే, ఇది పనికొచ్చేటట్టు లేదు" అని ఆ నల్లకర్రను సంచిలో పడేయబోయాడు. నాలుగేళ్ళు బంతుల వెనక తిరిగిన మమత ఉండబట్టలేక, "సార్, ఊపు పాతదే ఊపుతున్నరు. గంత జోరు దీనికి అవసరం లేదేమో, జర నిమ్మళంగ కొట్టి చూడుండ్రి" అంది. ఆయన ఆమెవైపు ఓసారి చూసి, నిమ్మళంగా ఊపాడు. బంతి గీత గీసినట్టు నడిమధ్య పడింది. "అరె, అవును గదా!" అన్నాడు. వెంటనే అట్ట అందుకుని అడుగున తన చేతిరాతతో రాసుకున్నాడు: 'వేగం తగ్గిస్తే నేరుగా పోతోంది. గమనించినవారు: ఉమామహేశ్వర్.' మమత తలకిందులుగానే చదివింది. జెండాలు తీసుకుని తర్వాతి బంతి వెనక నడిచింది. అడగడం చేతకాక కాదు, అలవాటై.

శనివారానికి టెస్టు ముగిసింది. దూరంలో పెద్ద తేడా లేదు, పచ్చజెండాలే నాలుగు గజాలు ముందున్నాయి. నొప్పి స్టీలుకు ఆరున్నర, గ్రాఫైటుకు రెండు. ఆయన చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. "చూసినవా మమతా! వయసైపోయింది, ఇగ ఇంతే అని సరిపెట్టుకున్న ఇన్నొద్దులు. తప్పు చేతిది కాదమ్మా, చేతిల పెట్టినదానిది." స్టీలు ఐరన్లన్నీ ఆ పూటే స్టోరు గదిలోకి పోయాయి.

ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ ఆ మాటే చెవిలో తిరిగింది. తప్పు చేతిది కాదు. ఈ రెండేళ్ళలో ఆమె తన చేతిని ఎన్ని తిట్లు తిట్టింది! దిక్కుమాలిన చెయ్యి అంది, పనిదొంగ చెయ్యి అంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళకు లేని రోగం నీకేంటని దాన్ని నిలదీసింది. ఒక్కరోజు కూడా ఆ ప్యాంటు బరువెంతో తూచి చూడాలని తోచలేదు. ఇంటికి రాగానే పాత క్యాలెండరు కాగితం ఒకటి చింపి, వెనకవైపు గీతలు గీసి బియ్యం డబ్బా వెనక దాచుకుంది. చపాతీ పిండి, మూడు. నీళ్ళబిందె, అయిదు. డ్యూటీ ప్యాంటు పిండుడు దగ్గర ఆగింది. కళ్ళు మూసుకుని వెతికితే లోపల ఎనిమిది కనబడింది. కానీ ఎనిమిది రాయడానికి సిగ్గేసి ఆరు రాసింది. ఎవరైనా చూస్తే ఎక్కువ చేస్తోందనుకుంటారని భయం. చూసేవాళ్ళెవరూ లేని కాగితంలో కూడా తన నొప్పికి తానే రెండు మార్కులు కోస్తోందని తెలిసి ఆమెకు ఒళ్ళు మండింది. ఆ మంట ఉపేందర్ మీద కాదు, అత్త మీద కాదు, తన మీదే. ఆరు కొట్టేసి ఎనిమిది రాసింది. దాని చుట్టూ గట్టిగా సున్నా చుట్టింది. ఆదివారం అతనికి ప్లేడే. డ్యూటీ లేదు, బట్టలూ లేవు. ఆ రోజు గడిలో అయిదుకు మించలేదు. సోమవారం మళ్ళీ ఎనిమిది. మూడు వారాలు రాసింది, మూడు వారాలూ అదే కథ.

నాలుగో వారం ఆ కాగితం పట్టుకుని కంపెనీ దవాఖానకు పోయింది. డాక్టరు వేదిక చిన్నపిల్ల, కిందటేడే వచ్చింది. కాగితం మొత్తం చదివి, మోచేతి లోపలివైపు వేలితో నొక్కింది. మమత కుర్చీలోంచి లేచినంత పనైంది.

"దీన్ని గోల్ఫర్స్ ఎల్బో అంటారమ్మా. మీరేమన్నా ఆడుతరా?"

"నేను బంతులేర్త మేడం, కొట్ట."

ఇద్దరికీ నవ్వొచ్చింది. సార్ రోగమే తనకూ ఉందన్నమాట. ఆయన దాన్ని ఆడి తెచ్చుకున్నాడు, ఈమె ఉతికి తెచ్చుకుంది. డాక్టరమ్మ ఆరు వారాలు లైట్ డ్యూటీ అని చిట్టీ రాసి ఇచ్చింది, బంతుల సంచులు ఎత్తకూడదని క్లబ్బు మేనేజరు పేరు మీద.

బొగ్గుబాయి ఇళ్ళలో ఆ చిట్టీకున్న విలువ ఇంకే కాగితానికీ లేదు. ఉపేందర్ వీపుకు దెబ్బ తగిలినప్పుడు ఇలాంటిదే అయిదు నెలలకు రాశారు. బాయి మీద ల్యాంపురూములో కూర్చుని దీపాలందించాడు. ఇంట్లో కూడా మంచం దిగలేదు, నీళ్ళగ్లాసు ఎత్తలేదు. ఒక్కరూ ఏమనలేదు. చిట్టీ ఉన్న మనిషితో పని చేయించే ఓవర్‌మెన్ వాదించడు, యూనియన్ లీడరు వాదించడు, భార్య అసలే వాదించదు. మమత చిట్టీ మడతపెట్టింది కానీ కుర్చీలోంచి లేవలేదు.

"ఇంకోటి గావాలె మేడం. ఇంటికి."

"ఇంటికి రాసే ఫారం ఉండదమ్మా."

"తెల్లకాగితం మీదనే రాయుండ్రి. మా ఇంట్ల నా మాట ఇనరు, చిట్టీ అంటే ఇంటరు."

డాక్టరమ్మ ఆమెనూ, క్యాలెండరు కాగితంలో సున్నా చుట్టిన ఎనిమిదినీ కాసేపు చూసి, పెన్ను మూత తీసింది.

మధ్యాహ్నం ఉపేందర్ షిఫ్టు దిగి వచ్చాడు. బట్టలు విప్పి బకెట్లో పడేసి, స్నానం చేసి, అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కుని రాగానే మమత కాగితం అందించింది. అతను పైకే చదివాడు. "శ్రీ ఉపేందర్ గారికి. మీ ఇంట్లో పనిచేస్తున్న శ్రీమతి మమతకు ఆరు వారాలు లైట్ డ్యూటీ. బట్టలు పిండరాదు. బిందెలు ఎత్తరాదు." బాయి మనిషి కదా, చదవగానే ముద్ర కోసం వెతికాడు.

"ముద్ర లేదు గదా?"

"సంతకం ఉన్నది."

"దవాఖానకు ఎప్పుడు పోయినవ్?"

"పొద్దుగాల."

"ఇంట్ల పని డ్యూటీ ఎట్లయితదే?" అన్నాడు నవ్వబోతూ.

ఈ ప్రశ్న వస్తుందని మమత అనుకోలేదు. జవాబు సిద్ధం చేసుకోలేదు. అయినా అది ఎప్పటినుంచో నోట్లో ఉన్నట్టు నిమ్మళంగా వచ్చింది.

"డ్యూటీ కాకపోతే మంచిదే, ఇయ్యాల్టి సంది చెయ్య. డ్యూటీ అయితె చిట్టీ చేతిల ఉన్నది. ఏదో ఒకటి నువ్వే చెప్పు."

ఉపేందర్ నవ్వు సగంలో ఆగింది. కాగితాన్ని మళ్ళీ మొదటినుంచి చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు, అటువైపు ఏమీ లేదు. గడప దగ్గర కూర్చున్న సమ్మవ్వ అంతా విన్నది. ఎడమచెయ్యి నేలకానించి లేచి వచ్చి, కొడుకు చేతిలోంచి ఆ కాగితం తీసుకుంది. ఆమెకు చదువు రాదు. ముప్ఫై ఏళ్ళు పెనిమిటివి, తర్వాత కోడలు వచ్చేదాకా కొడుకువి, డ్యూటీ బట్టలు పిండిన మనిషి. డాక్టరమ్మ సంతకం మీద వేలు పెట్టి రెండుసార్లు తడిమింది. తర్వాత కొడుకును కాదు, కోడలిని అడిగింది.

"మమతా, పాత నొప్పులకు గూడ రాస్తదానె ఆ డాక్టరమ్మ?"