చివరి కీర్తన చివరి అంకె

రెండూ ఐదూ కలిస్తే ఏడు. అందులో అనుమానం లేదు. కాని మూడో కీర్తన ఎంచుకునేటప్పుడు మొదటి రెండింటి సంగతి చర్చి అయ్యగారి మనసులో ఉందా, లేక ఆయనకు తెలియకుండానే ఎవరో ఆయన చేత ఎంపిక చేయించారా, తేలవలసింది అదొక్కటే అని ఇస్సాకు అనుకున్నాడు. అనుకుంటూనే పలకను రెండో వైపుకు తిప్పి, ఇసుక చల్లి, నీళ్ళు చిలకరించి, రుద్దడం మొదలుపెట్టాడు.

పెళ్ళికి ముందు నుంచీ అదే రేకుల షెడ్డు, అదే మూల. కోసి తెచ్చిన రాతి పలకలు అతని ఎడమ పక్కన గరుకుగా ఉంటాయి, కుడి పక్కకు నున్నగా చేరతాయి. మధ్యలో అతను గొంతుక్కూర్చుని ఉంటాడు. కనుబొమ్మల మీద, చెవుల అంచుల మీద, మీసంలో బూడిదరంగు దుమ్ము. పని చేతులు చేసుకుపోతాయి, వాటికి అతని అవసరం లేదు. అందువల్ల ఆలోచించడానికి అతనికి రోజంతా ఉంది. చాలామందికి అంత తీరిక దొరకదు. అది వాళ్ళ అదృష్టం.

ఆదివారాల్లో అతనికి మరో పని ఉంది. అయ్యగారు చెప్పిన మూడు కీర్తనల నంబర్లను చర్చి గోడకున్న చెక్క బోర్డుకు తగిలించాలి. అంకెలు రాసిన రేకు ముక్కలను ఒక్కొక్కటే కొక్కేనికి తగిలిస్తుంటే సంఘమంతా పుస్తకాలు తెరిచి పట్టుకుని అతని చేతి వైపు చూస్తుంది. ఆ కాసేపూ, తర్వాత ఏం రాబోతోందో తెలిసిన మనిషి తనొక్కడే. ఆ సుఖం ఎలాంటిదో అతను ఎవరికీ చెప్పలేదు.

అక్కడే కనిపెట్టాడు. మొదటి రెండు కీర్తనల చివరి అంకెలు కూడితే మూడో కీర్తన చివరి అంకె వచ్చిన వారం, లాటరీలో మొదటి బహుమతి నంబరు కూడా అదే అంకెతో ముగుస్తుంది. అలాంటి ఆదివారం ఎప్పుడో గాని రాదు. మొదటిసారి వచ్చినప్పుడు టికెట్టు కొనలేదు, పేపర్లో ఫలితం మాత్రం కళ్ళారా చూశాడు. రెండోసారి కొన్నాడు. ఒక్క అంకె తేడాతో పోయింది. రెండు రోజులు అన్నం సహించలేదు. ఆ తర్వాత, ఎండ ఎక్కువగా ఉందని అయ్యగారు ఆ ఆదివారం చివరి కీర్తనలో ఒక చరణం వదిలేయించిన సంగతి గుర్తొచ్చింది. ఒక చరణం తగ్గింది, ఒక అంకె తగ్గింది. లెక్క తప్పలేదు, మనుషులే తప్పారు. ఆ పూట కడుపు నిండా తిన్నాడు.

డబ్బు మీద అతనికంత ఆశ లేదు. వస్తే ఏం చేయాలో కూడా ఎప్పుడూ పూర్తిగా ఆలోచించలేదు. అతనికి కావలసింది ఒకటే. ఏదైనా ఒక్కసారి ముందుగా తెలియాలి, తెలిసినట్టే జరగాలి. కూతురు ఎస్తేరు విషయంలో ఎవరూ ఏదీ ముందుగా చెప్పలేదు. పిల్లకు అయిదేళ్ళు. మధ్యాహ్నం షెడ్డు దగ్గరికి వచ్చి విరిగిన పలక ముక్కలు ఏరుకుని ఒడి నింపుకుని పోయింది. పొద్దుగూకేసరికి జ్వరం. తెల్లారేసరికి పిల్ల లేదు. డాక్టరు ఏదో పేరు చెప్పాడు. ఆ తర్వాత ఇస్సాకు ఆ దినాన్ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసుకున్నాడో. ఎక్కడో ఒక సూచన ఉండి ఉంటుంది, తను చూసుకోలేదు. చూసుకోకపోవడం తన తప్పే అయినా భరించగలడు. అసలు సూచనే లేదంటే మాత్రం భరించలేడు.

ఆ పిల్లను పూడ్చేటప్పుడు పాడిన కీర్తన మొన్న ఆదివారం బోర్డు ఎక్కింది. మూడోది. ఏడుతో ముగిసేది. ఇస్సాకు, అతని భార్య మార్తమ్మ చర్చిలో ఉండగా పాత అయ్యగారు ఆ పాట పెట్టేవారు కాదు. కొత్తాయనకు తెలియదు.

ఇంటికి రాగానే లెక్క భార్యకు చెప్పాడు. మార్తమ్మ ముసుగు కూడా తీయలేదు.

"అది బిడ్డకు పాడిన పాట."

"అందుకే గదా. ఊరికే వచ్చిందంటావా?"

"ఊరికే వచ్చింది. బిడ్డ గూడ ఊరికే పోయింది. దానికి లెక్క లేదు. నువ్వు ఎతకొద్దు."

మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఈ పొద్దున అతను పనికి బయలుదేరుతుంటే గడప దగ్గర మూట కడుతూ చెప్పింది. "సాయంత్రం యర్రగొండపాలెం బస్సులో కూసోనుంటా. అది ఆ టికెట్ల దుకాణానికి ఎదురుగ్గానే నిలబడతాది. నువ్వు ఆడికి రాకుంటే దిగి ఇంటికొస్తా. వచ్చినావంటే మా అక్క కాడికి పోతా. మళ్ళ రాను."

మార్తమ్మ బెదిరించే మనిషి కాదు. ఒక మాట రెండుసార్లు చెప్పే మనిషి కూడా కాదు.

"ఏం మామా, పెదాలు కదులుతుండాయి. ప్రార్థనా, కూడికా?"

పలకలకు చెక్క చట్రాలు బిగించే కోటిరత్నం అది. ఎప్పుడో అతని మాట విని తనూ ఒక టికెట్టు కొంది. అప్పటి నుంచి అతన్ని ఆటపట్టించే హక్కు సంపాదించుకుంది.

"పని చేసుకోమ్మా" అన్నాడు.

"పోయినసారి మీ అయ్యగారు చరణం మింగినాడు, దాంతోపాటు నా డబ్బులు గూడ మింగినాడు. ఈసారన్నా అన్నీ పాడినారా?"

"అన్నీ పాడినారు."

"నువ్వు పాడినావా?"

ఇస్సాకు చేయి ఆగింది. "నేను బోర్డు చూస్తా ఉన్నా."

"చూడు, చూడు" అంటూ కోటిరత్నం నవ్వి మేకు కొట్టింది.

సాయంత్రం చేతులు కడుక్కుని రోడ్డు మీదికి వచ్చినప్పుడు, ఇంటికే పోతున్నాననుకున్నాడు. మలుపు దగ్గర కాళ్ళు బస్టాండు వైపు తిరిగాయి. దుకాణం దాకా పోవడం వేరు, కొనడం వేరు అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. ఆ టికెట్టు ఉందో లేదో చూసి వస్తే చాలు. లేకపోతే పేచీయే లేదు. అది కూడా ఒక సూచనే అవుతుంది. ఇలా ఒక్కో అడుగుకూ ఒక్కో సమాధానం దొరికింది. బస్సు కంటపడకుండా సోడాల కొట్టు వెనక నుంచి చుట్టు తిరిగి వచ్చాడు. కాని దుకాణానికి ఉన్నది ఒకటే ముఖం, అది బస్సుకు ఎదురుగా ఉంది.

"రా ఇస్సాకు" అన్నాడు గురునాథం. సిగరెట్లతో పాటు లాటరీ టికెట్లు అమ్మే శెట్టి ఆయన. "ఏడుతో అయ్యేది ఒక్కటే మిగిలింది. నీకని పక్కన పెట్టినా."

టికెట్టు బల్ల మీద పెట్టాడు. గులాబీరంగు కాగితం, చివర ఏడు. ఇస్సాకు గుండె ఒక్కసారి నెమ్మదించింది. ఇన్నాళ్ళూ ఎక్కడో తెరిచి ఉండిపోయిన తలుపును ఎవరో మెల్లగా మూసినట్టు అనిపించింది. భుజం మీది తువ్వాలు తీసి బల్ల మీద పరిచి, కొసన కట్టుకున్న డబ్బుల ముడి విప్పసాగాడు.

"ఈసారి ఏ పాట మీద?"

"మూడువందల పదిహేడు."

"నంబరు నాకెందుకబ్బా. పాట ఏందంటున్నా. మీ చర్చి ఎనకే గదా మా ఇల్లు, అన్నీ ఇనపడతాయి నాకు. మొదలేంది దానిది?"

ఇస్సాకు చెప్పబోయి నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. క్రిస్మస్ పాట ఒకటి నాలుక మీదికి వచ్చింది. అది కాదు. కళ్ళు మూసుకున్నాడు. గుంట పక్కన ఎర్రమన్ను కనిపించింది. అతని చొక్కా పట్టుకున్న మార్తమ్మ వేళ్ళు కనిపించాయి. చుట్టూ నిలబడినవాళ్ళ నోళ్ళు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. వాటిలోంచి శబ్దం రావడం లేదు. మొన్న ఆదివారం కూడా అన్ని చరణాలూ పాడారు. తను అక్కడే నిలబడి ఉన్నాడు. ఒక్క ముక్కా చెవిన పడలేదు. మూడు, ఒకటి, ఏడు మాత్రం కొక్కేలకు వేలాడుతూ స్పష్టంగా ఉన్నాయి.

"ఏమయ్యా, ఏమైంది?"

"ఉండు, వస్తా."

బస్సు ఇంజను మొదలైంది. మార్తమ్మ డ్రైవరు వెనక కిటికీ పక్కన కూర్చుని ఉంది. అతను వచ్చి కిటికీ ఊచ పట్టుకున్నా తల తిప్పలేదు.

"కొన్నావా?"

"లేదు." ఏదో ఇంకా చెప్పాలని చూశాడు. "ఆ పాట మొదలేంది?"

"నంబరు తెలుసు గదా నీకు."

"నంబరే తెలుసు."

అప్పుడు ఆమె అతని ముఖం చూసింది. దుమ్ము పట్టిన కనుబొమ్మల కింద కళ్ళు దారి తప్పినవాడి కళ్ళలా ఉన్నాయి. కండక్టరు విజిల్ ఊదాడు. బస్సు కదిలింది. ఇస్సాకు ఊచ వదిలి, పక్కనే నాలుగడుగులు పరుగెత్తి, తలుపు కమ్మీ అందుకుని పైకెక్కాడు.

సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మార్తమ్మ కొంతసేపు బయటికే చూసింది. తర్వాత పక్కనున్న మూటను ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. అతను కూర్చున్నాడు. కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు. ఇస్సాకు భుజం తడుముకున్నాడు. మళ్ళీ తడుముకున్నాడు.

మార్తమ్మ కొంగు ముడి విప్పింది. "రెండు యర్రగొండపాలెం" అంది.

బస్సు మలుపు తిరుగుతున్నప్పుడు వెనక కిటికీలోంచి దుకాణం ఒక్క క్షణం కనిపించింది. బల్ల మీద, గులాబీరంగు కాగితం పక్కన, రాతిదుమ్ముతో బిరుసెక్కిన తువ్వాలు కొసన ముడి సగం విప్పి ఉంది.