రేవు కింద గది

నెలకు మూడు వీడియో ఆటలు ఉచితం అంటారు, గేమ్ బాక్స్ కంపెనీవాళ్లు. నేను నమ్మను. ఫ్రీగా వస్తే ఫినాయిల్ అయినా తాగే జనం ఉన్నారు గానీ, పోసేవాడు ఎందుకు పోస్తున్నాడని అడిగేవాడు ఒక్కడూ లేడు. నెలచందా కడుతున్నంత కాలమే ఆ ఆటలు మనవి, చందా ఆగిన రోజున అన్నింటికీ తాళం పడుతుంది. పైగా ఆ మూడింట్లో ఒకటి జనం మెచ్చింది, ఒకటి ఎవరూ కొననిది, ఇంకొకటి ఏ బాపతో ఇచ్చినవాడికే తెలియనిది. ప్రతి నెలా ఇదే వరస.

నా పేరు ప్రమోద్. మాది జగిత్యాల దగ్గర పల్లె. అబుదాబి బయట మఫ్రఖ్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీకి స్టోర్ కీపర్‌ని. హెల్మెట్లు, బూట్లు, చేతి తొడుగులు ఇవ్వడం, తిరిగి తీసుకోవడం నా పని. పదకొండేళ్లు ఇదే పని చేస్తే ఎదుటివాడి ముఖం కంటే ముందు చేతుల వైపు చూడటం అలవాటైపోతుంది. మా ఆవిడ రేణుక ఫోన్లో, "నిన్ను పోలీసోణ్ని చెయ్యవోయి దేవుడు మర్శిపోయిండు" అంటుంటుంది. అననీ.

మా క్యాంపు రూములో ఎనిమిది మందికి ఒక టీవీ, ఒక గేమ్ బాక్స్. మిగతా రూముల్లోనూ ఇంచుమించు ఇంతే. కష్టమంతా నెట్‌తోనే. రెండు వందల మంది ఒకేసారి ఇంటికి వీడియో కాల్ చేసే చోట పెద్ద ఆట ఒకటి డౌన్‌లోడ్ కావాలంటే రెండు వారాలు పడుతుంది. సెలవు వారానికి ఒక్క ఆదివారం. అన్ని రోజులు ఎదురుచూసి దించుకున్న ఆట తీరా చూస్తే చెత్తదైతే, ఆ ఆదివారం మంటగలిసినట్టే. అందుకని ఏది దించుకోవాలో, ఏది వద్దో ముందే చెప్పేవాడు ఒకడు కావాలి. ఆ పని నేను చేస్తున్నాను.

స్టోర్ ఆఫీసులో నెట్ బాగుంటుంది. కొత్త ఆటలు వచ్చిన రోజు గేమ్ బాక్స్‌ను హెల్మెట్ల అట్టపెట్టెలో పెట్టుకుని పోతాను. మా ముదీర్, అంటే మేనేజర్, చూసీ చూడనట్టు ఉంటాడు. భోజనం వేళ మూడింటినీ కాస్త కాస్త ఆడి, ఆ వారం బుధవారం సాయంత్రం వాట్సాప్ గ్రూపులో నా అభిప్రాయం వాయిస్‌లో పెడతాను. దుబాయ్, షార్జా, ఫుజైరా అంతటా కలిపి గ్రూపులో ఎనభై ఆరు మంది తెలుగువాళ్లు. నేను బాగుందంటే దించుకుంటారు, వద్దంటే వదిలేస్తారు. ఎనభై ఆరు మంది ఆదివారాలు నా నోటిమాట మీద నడుస్తున్నాయంటే గర్వంగానే ఉండేది. ఎందుకు దాచాలి?

ఆ గర్వానికి గండి కొట్టడానికి ఇలియాస్ వచ్చాడు.

ఇలియాస్‌ది నెల్లూరు వైపు. ఖోర్ ఫక్కాన్ పోర్టులో మెకానిక్. నేనెప్పుడూ చూడలేదు, గొంతు మాత్రమే తెలుసు. మూడు నెలల కింద గ్రూపులో చేరాడు, చేరిన దగ్గర్నుంచి ప్రతి నెలా నా వాయిస్ మర్నాడు తనూ ఒక వాయిస్ పెట్టడం మొదలుపెట్టాడు. నేను బుధవారం, అతను గురువారం. మొదటి నెల పట్టించుకోలేదు. రెండో నెల కత్తియుద్ధాల ఆటలో రెండో వంతెన దగ్గర గుర్రం మొరాయిస్తుంది, దిగి నడవండి అని నేను చెప్పాను. మర్నాడు ఇలియాస్, "రెండో వంతెన కాడ గుర్రం నిలబడిపోద్దన్నా, దిగి నడవాల" అన్నాడు. మూడో నెల సైనికుల ఆటలో మొదటి అరగంటా ఒట్టి ముచ్చట్లే అన్నాను. ఇలియాస్ ముప్పై అయిదు నిమిషాలు అన్నాడు. చూశారా? నా అరగంటకు అయిదు నిమిషాలు కలిపాడు, దొంగసొత్తుకు రంగు పూసినట్టు.

ఈ సంగతి పర్శరాములు కాకతో అన్నాను. ఆయనది మా మండలమే, నా కింది మంచం. సైట్లో సలాకలు కట్టే పని. యాభై దాటాయి, ఇంగ్లీషు అక్షరం రాదు, తీగలు మెలిపెట్టి మెలిపెట్టి వేళ్లు మొద్దుబారిపోయాయి. అయినా ఆదివారం వస్తే రిమోట్ ఆయన చేతిలోనే ఉండాలి.

"ఒక్కటే ఆట ఇద్దరాడితె ఒక్కటే మాటస్తది గదరా. అండ్ల దొంగతనమేమున్నది?" అన్నాడు.

"నీకు తెల్వది కాకా. ఆడు ఆడుతనే లేడు. నా మాటలిని అవ్వే మల్ల చెప్తుండు."

"నువ్వు సూసినవా?"

చూడలేదు. అందుకే చూడదలుచుకున్నాను.

స్టోర్‌లో చేతివాటం గాళ్లను పట్టే పద్ధతి ఒకటుంది. పది జతల తొడుగుల పెట్టెలో పదకొండు పెట్టి పంపుతాను. లెక్కపెట్టేవాడు ఒకటి ఎక్కువుందని తిరిగి పంపుతాడు. లెక్కపెట్టనివాడికి తెలియదు, దొంగ తెలిసీ చెప్పడు. ఇలియాస్‌కూ అలాగే ఒకటి ఎక్కువ పెట్టి పంపాలనుకున్నాను.

ఆ నెల మూడు ఆటలు వచ్చాయి. బుధవారం సాయంత్రం గ్రూపులో ఇలా చెప్పాను:

"మొదటిది దయ్యాల హోటల్. ఒక గంట మస్తు భయమైతది. అటెన్క దయ్యం ఒక్కటే అల్మారిలకెళ్లి నాలుగుసార్లు ఎల్తది, అయిదోసారి మీరే సలాం కొడ్తరు. వద్దు. రెండోది మంచుకొండల మీద లారీ. మంచిగనే ఉన్నది, కని డౌన్‌లోడ్ అయ్యేసరికి అచ్చే నెల ఆటలస్తయి. ఇడిశిపెట్టుండ్రి. మూడోది చిన్నది. ఒక దీవి, ఒక ముసలాయన, ఒక పడవ, చేపలు. ఇంగ్లీషు అక్కెర లేదు, కొట్టుకునుడు లేదు. గిది దించుకోండ్రి."

ఇక్కడిదాకా నిజం. ఆ తర్వాత కలిపింది ఇది:

"ఇంకోటి. దీపస్తంభం అవతల ఇరిగిన రేవు ఉన్నది. దాని కింద మునిగితే ఒక గది ఉంటది. అండ్ల ఒక అవ్వ వల అల్లుకుంట కూసుంటది. మూడు చేపలిస్తే బంగారు పడవ ఇస్తది."

గది లేదు, అవ్వ లేదు, బంగారు పడవ అసలే లేదు. ఇక గురువారం ఇలియాస్ నోట అవ్వ రావడమే తరువాయి.

గురువారం ఇలియాస్ వాయిస్ రాలేదు. శుక్రవారమూ రాలేదు. శనివారం కూడా లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, వల వాసన పసిగట్టి తప్పుకున్నాడనుకున్నాను. ఎక్కడికి పోతాడు, ఆదివారం దాకా చూద్దాం అనుకున్నాను.

ఆదివారం పొద్దున చాయ తాగి పర్శరాములు కాక టీవీ ముందు కూర్చున్నాడు. ఆయనకు లారీ ఆట మీద మనసుండేది. నేను వద్దన్నానని దీవి ఆట దించుకున్నాడు. కాసేపు చేపలు పట్టాడు, మూడు చేపలు పక్కన పెట్టుకున్నాడు. తర్వాత దీపస్తంభం దాటి విరిగిన రేవు దగ్గరికి పడవ నడిపాడు.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. కాక నోట్లో నువ్వుగింజ నానదు. ఆయనకు చెప్తే మధ్యాహ్నానికల్లా క్యాంపంతా తెలుస్తుంది, సాయంత్రానికి ఖోర్ ఫక్కాన్ చేరుతుంది. ఇంకొక్క పూట ఓపిక పడదామని ఊరుకున్నాను.

ఆయన మునిగాడు. ఊపిరి అయిపోయి ఆటలోని ముసలాయన పైకి తేలాడు. మళ్లీ మునిగాడు. గంట గడిచింది.

"ప్రమోదూ, ఎడమకా కుడికా?"

"జెర ఎడమకు పో కాకా" అన్నాను.

ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆయన ఎడమకు పోయాడు. అక్కడ రాతిగోడ ఉంది. గోడ వెంటే చివరి దాకా పోయి, తిరిగి వచ్చి, మళ్లీ మునిగాడు. మధ్యాహ్నం మెస్సుకు కూడా లేవలేదు. నేనే పోయి ఆయన పళ్లెం తెచ్చి పక్కన పెట్టాను. అన్నం చల్లారిపోయింది.

మూడింటికి గ్రూపులో ఒక వాయిస్ వచ్చింది. ఇలియాస్‌ది కాదు, గులాం మొహిద్దీన్‌ది. కడపాయన, బర్ దుబాయ్‌లో దర్జీ.

"నాకు దొరికిందిరా అబ్బీ! అవ్వ వల అల్లుతాండాది. మూడు చేపలిస్తానే పడవ ఇచ్చె. పచ్చ బంగారం!"

ఆ వాయిస్ మళ్లీ పెట్టి విన్నాను. పది నిమిషాల్లో షార్జా నుంచి అంజి, తనకూ దొరికిందన్నాడు. ఇంకొకడెవడో నాకు వెండి పడవే ఇచ్చింది, ఎందుకని అడిగాడు. నేను కల్పించిన అవ్వ ముగ్గురికి దర్శనమిచ్చింది. నా వలలో ముగ్గురు పడ్డారు, నేను వేసింది మాత్రం వీళ్ల కోసం కాదు.

పర్శరాములు కాక అవన్నీ విన్నాడు. "అందరికీ దొర్కుతున్నది, నాకే దొర్కుతలేదు" అని మళ్లీ మునిగాడు.

నాలుగున్నరకు ఇలియాస్ వాయిస్ వచ్చింది. రూములో అందరూ వినేట్టు పెట్టాను, దొంగ మాట నలుగురూ వినాలని.

"ప్రమోదన్నా, సలాం. బేస్తవారం చెప్పాల్సింది, లేటయింది, ఏమనుకోబాక. నువ్వు చెప్పిన గది కోసం మూడు రోజులు డ్యూటీ అయినాక ఎతికినా. రేవు కింద నాలుగు పక్కలా మునిగినా. గోడ తప్ప ఏం కనపళ్లా. వేరేవాళ్లకి దొరికిందంటన్నారు, నాకైతే దొరకలా. చూడంది చూశానని చెప్పలేను గదన్నా. నేను ప్రతి నెలా నీ మాట ముందు విని, మా పోర్టులో నెట్ గట్టిగుంటది గాబట్టి రాత్రికే దించుకుని, అట్నే ఉందా లేదా అని ఆడి చూసి, ఉంటే ఉందని చెప్తా ఉన్నా. మనోళ్ల సెలవు పాడు కాకూడదని. ఇన్నాళ్లూ నీ మాట ఒక్కటీ తప్పు పోలా. సైనికుల ఆటలో నువ్వు అరగంటన్నావు, నేను గడియారం పెట్టి చూస్తే ముప్పై అయిదొచ్చె, అంతే తేడా. ఈసారి నా దాంట్లోనే ఏదో తప్పుండాది. ఆ గది ఫొటో ఒకటి పెట్టన్నా."

పదకొండో జత ఎక్కువుందని తిరిగి పంపినవాడు ఇతనొక్కడే. మూడు నెలలుగా నా మాటకు సాక్షిగా నిలబడ్డవాణ్ని నేను దొంగన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

తప్పించుకోవచ్చు కూడా. ఫొటో తీయలేదంటే సరిపోతుంది. గది ఉందని చెప్పడానికి ముగ్గురు సాక్షులున్నారు. ఒక్క క్షణం ఆ ఆలోచన కూడా చేశాను.

అంతలో పర్శరాములు కాక రిమోట్ నా ఒళ్లో పెట్టాడు. బొటనవేళ్లు ఎర్రగా కమిలి ఉన్నాయి.

"నాకు శాతగాదు పిలగా. సదువు రానోనికి గివెందుకు? అచ్చే నెలకెళ్లి నువ్వే ఆడు, నేను సూస్త" అన్నాడు.

ఇక నా వల్ల కాలేదు. ఆయన ముందే ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కాను.

"అన్నలారా, ఆ గది లేదు. అవ్వ లేదు. పడవ లేదు. నేనే కల్పించిన. ఇలియాస్ నా మాటలు దొంగతనం చేస్తుండేమోనని, ఆణ్ని పట్టుకుందామని చెప్పిన. ఇలియాస్ చెప్పిందే నిజం. తప్పైంది, మాఫ్ చెయ్యుండ్రి."

పంపాను. గులాం మొహిద్దీన్ వాయిస్ మాయమైంది, తర్వాత అంజిది. ఇలియాస్ ఏదో టైప్ చేయడం, ఆపడం, మళ్లీ టైప్ చేయడం కనబడుతోంది. చివరికి వచ్చింది ఇంతే: "సరేన్నా. అయితే పోయిన నెలల్లో నువ్వు చెప్పినవాటిలో నేను ఇంకా ఆడి చూడనివి కొన్నుండాయి. అవి కూడా ఒకసారి చూసుకుంటా."

తిట్టి ఉంటే బాగుండేది. నేను నిజమే చెప్పిన పాత మాటలన్నీ ఇప్పుడు సోదాకు వెళ్లాయి. అందులో అతని తప్పేమీ లేదు.

పర్శరాములు కాక టీవీ వైపే చూస్తున్నాడు.

"గది లేదా?"

"లేదు కాకా."

"నేను ఎడమకా కుడికా అంటే..."

"నేనే ఎడమకన్న."

ఆయన లేచి టీవీ ఆపాడు. మంచం కింది నుంచి బకెట్ లాగి, రేపటి డ్యూటీ బట్టలు అందులో వేశాడు. బయట పొద్దు వాలిపోతోంది.

"ఇలియాస్ మీద నీకు అనుమానమున్నది, సరే. ఆణ్ని పట్టెతందుకు నా ఐతారమెందుకు తీసుకున్నవు? నేను నీకేం జేసిన?"

లేచి బకెట్ అందుకోబోయాను, ఉతికి పెడదామని. ఆయన బకెట్‌ను అవతలి చేతికి మార్చుకున్నాడు.

"నా బట్టలు నేను పిండుకుంట" అని తలుపు దాటి పోయాడు.