చర్మకణాల సాక్ష్యం

నాకు నోరెక్కువ. ఇరవై రెండేళ్లుగా ల్యాబ్‌లో కణాలు పెంచుతున్నాను కాబట్టి, నా చేత్తో చేసిన పరీక్ష తప్పుపోదని పొగరు కూడా ఎక్కువే. ఆ రెండూ కలిపి మా తమ్ముడి కూతురి మీద చూపించాను.

పిల్లకి తొమ్మిదేళ్లప్పుడు మోచేతుల మీద పసుప్పచ్చ బుడిపెలు లేచాయి. రక్తంలో కొవ్వు ఉండాల్సినదానికి మూడింతలుంది. పుట్టుకతో వచ్చిన జబ్బేమోనని డాక్టరుకి అనుమానం. అదే అయితే వెంటనే మందులు మొదలెట్టాలి, లేకపోతే గుండె నాళాలు పూడుకుపోతాయి. "మా ల్యాబ్‌లో నేనే తేలుస్తాను," అన్నాను.

కణం పైన కొవ్వును పట్టుకునే గ్రాహకాలుంటాయి. పట్టుకుంటే చాలదు. అడాప్టర్ అనే చిన్న ప్రోటీన్ వచ్చి, లోపలికి లాగే యంత్రాంగానికి వాటిని జతచెయ్యాలి. ఆఫీసుల్లోలాగే, సిఫారసు చేసేవాడు లేకపోతే గుమ్మం దగ్గరే పడిగాపులు. పిల్లకి ఆ అడాప్టర్ పనిచేస్తోందో లేదో చూడాలి.

చిటికెడు చర్మం తీయించాను. చర్మకణాలు చెప్పినమాట వింటాయి, పళ్లెంలో హాయిగా పెరుగుతాయి. మా ల్యాబ్‌లో అన్నిటికీ అవే వాడతాం. రంగు కలిపిన కొవ్వు పోసి, వెచ్చబెట్టి, మైక్రోస్కోపులో చూస్తే కణాల నిండా ఎర్రటి చుక్కలే! "జబ్బూ లేదు, గిబ్బూ లేదు," అని తేల్చిపారేశాను.

డాక్టరు సరేనని తిండి తగ్గించమన్నాడు. తగ్గించినా కొవ్వు దిగలేదు. ఇక మరదలి మీద పడ్డాను.

"ఏం పెడుతున్నావే దానికి? నిజం చెప్పు!"

"ఉడకబెట్టిన కూరలే వదినా. నూనె చుక్క కూడా తగలనివ్వట్లేదు."

"అయితే నా కణాలు అబద్ధం చెప్తున్నాయా?"

తమ్ముడు తల దించుకుని కూర్చునేవాడు. పిల్ల తింటుంటే నేను పోలీసులా ఎదురుగా నిలబడేదాన్ని. రెండేళ్లు సాగింది ఈ భాగోతం.

మొన్న బడిలో మెట్లెక్కుతూ పిల్ల గుండె పట్టుకుని కూలబడింది. ఆసుపత్రిలో కొత్త డాక్టరమ్మ నా పాత రిపోర్టు చూసి, "చర్మకణాలతోనా చేశారు?" అంది నెమ్మదిగా. అప్పుడు వెలిగింది నాకు. చర్మంలో ఆ అడాప్టర్ లేకపోయినా దాని పని చేసిపెట్టడానికి ఇంకొకటి ఉంటుంది. కాలేయానికి ఆ వెసులుబాటు లేదు. రక్తంలో కొవ్వును తీసేసేది ముఖ్యంగా ఆ కాలేయమే కదా! చూడాల్సింది, కాలేయంలాగే ఆ వెసులుబాటు లేని రక్తంలోని తెల్లకణాల్ని. నేనేమో తేలిగ్గా పెరిగేవాటిని పట్టుకుని వేలాడాను.

ఈసారి రక్తం తెచ్చి మళ్లీ చేశాను. కొవ్వంతా కణాల అంచునే ఆగిపోయింది. లోపల ఒక్క చుక్క లేదు.

ఆసుపత్రి వరండాలో మరదలికి అంతా చెప్పాను. మందులు మొదలెట్టారనీ, పూడుకుపోయిన నాళం సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేమన్నారనీ చెప్పాను. "తప్పంతా నాదేనే. నన్ను తిట్టు, కొట్టు," అన్నాను.

ఆమె నావైపు చూడలేదు.

"నేనూ మీ మాటే నమ్మాను వదినా, చదువుకున్నవాళ్లు కదా అని. నాకు తెలీకుండా ఎక్కడో తింటోందనుకుని గరిటె పుచ్చుకుని కొట్టాను. ఒట్టమ్మా, తినలేదు అని ఏడ్చింది. అబద్ధాలు కూడా నేర్చావా అని ఇంకో రెండు వేశాను. వెళ్లండి, ఇప్పుడు దానికి మీరే చెప్పండి."

వెళ్లాను. పిల్ల మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుంది. నన్ను చూడగానే గభాలున పక్కనున్న పాల గ్లాసు దూరంగా జరిపేసింది.

"నర్సు పెట్టింది అత్తా. నేను తాగలేదు."