రిస్తాన కత్తి

రిస్తాన చెట్లకు అంటు కట్టే కత్తిలో విషం ఉందట. రొట్టెల కొట్టు దగ్గర పక్కింటి ల్యూబ మా ఆవిడతో చెప్పింది. ల్యూబకు కంపెనీ లారీ డ్రైవరు చెప్పాడట. వాడికెవరు చెప్పారో ల్యూబ అడగలేదు, మా ఆవిడా అడగలేదు. ఇంటికొచ్చి, నేను చిక్కుడుగింజల కూరలో రొట్టె ముంచుకుంటుంటే, "చూశావా, మన తోటని నాశనం చేసింది ఆ ముసల్దేనంట" అంది. నేనూ అడగలేదు. తలూపి తినేశాను.

ప్రెస్పా సరస్సు ఒడ్డున మాకు ఆపిల్ తప్ప వేరే బతుకు లేదు. ఊళ్లో సగం చెట్లు రిస్తాన చేతి అంటులే. ముప్పై ఏళ్లుగా కడుతోంది. కూలి తీసుకోదు. ఎవరి తోటలో అంటు కడితే వాళ్లు వచ్చి ఆమె తోటలో ఒక పూట పని చేసిపోవాలి. మొగుడు పోయాక ఆ తోట నిలబడింది అలాగే.

ఇప్పుడు ఆ తోటకే మూడింది. మే నెలలో లేతాకుల ఈనెల వెంబడి పాలిపోయిన పసుపు మచ్చలు లేచాయి, ఎవరో సున్నం చిలకరించినట్టు. మొజాయిక్ తెగులు. వైరస్. దీనికి మందు లేదు. చెట్టు చావదు గానీ ఏటికేడు కాపు చచ్చిపోతుంది.

సోమవారం తెగుళ్ల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఎవరి కారులో వచ్చాడనుకున్నారు? క్రుమె దొర కారులో. మా కాయ కొనే కంపెనీ దొరది, దాని కోల్డ్ స్టోరేజీ దొరది, నర్సరీ దొరది. "నా మొక్కలు నాటితేనే మీ కాయ నా స్టోరేజీలో దిగుద్ది" అని ఎనిమిదేళ్ల కిందట అన్నదీ ఆయనే. నాటాం. ఏం చేస్తాం?

ఇన్‌స్పెక్టరు రిస్తాన చెట్లన్నిటికీ ఎర్రరంగుతో అడ్డగీతలు కొట్టించాడు.

"ఊళ్లో తెగులుకి మూలం ఈ తోట. గురువారం బుల్డోజరొస్తుంది. మిగతావాళ్లు జబ్బు చెట్లు మీరే పీకేసి, కంపెనీ మొక్కలు కొత్తవి నాటుకోండి."

"నేనేం చేశాను బాబూ?" అంది రిస్తాన.

"నీ కత్తితో చెట్టు నుంచి చెట్టుకి మోశావు."

కంచె బయట నలభై మందిమి నిలబడ్డాం. ఒక్కడికీ నోరు పెగల్లేదు. ఎందుకంటే ప్రతివాడి నోట్లోనూ ఒక దొంగతనం ఉంది. తెల్లవారకముందే లేచి మా తోటల్లో మచ్చ ఆకులు తెంపి, పెంటకుప్పలో పూడ్చేస్తున్నాం. మచ్చ కనబడితే కంపెనీ కాయ దించుకోదు. పక్కవాడి తోట పచ్చగా ఉందనీ, తెగులు తనకొక్కడికే తగిలిందనీ ప్రతివాడి గుండెలోనూ దడ. ఆ దడ మీదే దొర కారు నడిచింది.

మంగళవారం, మూతబడ్డ సహకార సంఘం షెడ్డులో ఊరంతా కూడింది. మెతోదియా అందరికంటే ముందు లేచాడు. మాటలో గట్టివాడు, పొలం గట్టు కాడ ఇంకా గట్టివాడు.

"ముసల్దానికి కళ్లు కనపడక కత్తి కడగడం మానేసింది. దాని తోట పోతే ఊరు బతుకుద్దంటే పోనీండయ్యా!"

పిలవకపోయినా రిస్తాన వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఒరే మెతోదీ, నీ తోటలో నేనెప్పుడు అడుగుపెట్టాన్రా?"

"ఎట్టా పెడతావు? గట్టు తగాదా అయిన కాడి నుంచి నీ నీడ కూడా పడనీలా."

"మరి నీ చెట్లు?"

"మొత్తం దొర నర్సరీవే. ఒక్క ఆకుక్కూడా మచ్చ లేదు."

ఆడవాళ్ల వైపు నుంచి అతని పెళ్లాం స్తోయ్న లేచింది.

"మచ్చ లేదంట! ఈ ఏడు కూడా పన్నెండు రోజుల్నుంచి చీకట్నే నిచ్చెనెక్కి తెంపుతుందెవరు, మీ అమ్మా? నా నడుం ఇరిగిపోయింది కదయ్యా!"

ఎదురుగానే వాళ్ల ఇల్లు. గబగబా వెళ్లి ఒక గోతం ఈడ్చుకొచ్చి షెడ్డు మధ్యలో కుమ్మరించింది. అన్నీ మచ్చల ఆకులే. రిస్తాన కత్తి ఎన్నడూ తాకని చెట్ల ఆకులు.

మెతోదియా మొహం ఆ ఆకుల్లాగే పాలిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. నేను లేచి, "మా ఇంట్లో రెండు గోతాలు" అన్నాను. "మాకు మూడు!" "మాది మేక తినేసింది!" షెడ్డంతా ఒకటే గోల. కాసేపటికి ఆ నవ్వు కాస్తా పళ్లు కొరకడంలోకి దిగింది.

రిస్తాన చెయ్యెత్తింది. "ఇది కత్తితో రాదర్రా. కొమ్మతో వచ్చుద్ది. మొక్క పుట్టిన మొగ్గలోనే ఉంటది. తప్పు నాదీ ఉంది. దొర మొక్కల కాయ ఎర్రగా ఉందని మీరు ఆ కొమ్మలు తెచ్చి పాత చెట్లకి కట్టమంటే కట్టాను. ఆశపడి నా చెట్లకీ కట్టుకున్నాను."

"అయితే ఇక ఆకు తెంపేది లేదు" అన్నాను.

"కంపెనీ కాయ దించుకోకపోతే?" మెతోదియా గొణిగాడు.

"ఊరంతా కాయ ఆపితే స్టోరేజీలో ఏం పెట్టుకుంటాడు, వాడి బోడిగుండా?" అంది స్తోయ్న.

బుధవారం ఊళ్లో ప్రతివాడూ తన చెట్లకు తానే ఎర్రరంగు కొట్టుకున్నాడు. రంగు చాలనివాళ్లు ఎర్రగుడ్డ పీలికలు కట్టారు. ఆడవాళ్లు దొర నర్సరీ కంచె దూరి, కొమ్మలు కోసే తల్లిచెట్లను చూసి వచ్చారు. వాటికీ అవే మచ్చలు. వాటికీ పీలికలు కట్టి, తలా ఒక కొమ్మ విరుచుకొచ్చారు.

గురువారం బుల్డోజరు వచ్చేసరికి రిస్తాన తోట ముందు మూడు వందల మందిమి, చేతుల్లో మచ్చల కొమ్మలతో. వెనకే పోలీసు జీపు. దూరంగా దొర కారు, అద్దాలు మూసి.

"ఎర్ర గుర్తున్న చెట్లు పీకాలనేగా ఉత్తర్వు?" అన్నాను ఇన్‌స్పెక్టరుతో. "పదండి, దొర నర్సరీలో మొదలుపెడదాం."

పోలీసులు మమ్మల్ని నెట్టుకుంటూ వెళ్లి రిస్తానను రెక్కపట్టి జీపులోకి ఎక్కించారు. జనాన్ని రెచ్చగొట్టిందట. జీపు కదలబోయింది. మెతోదియా వెళ్లి చక్రాల ముందు అడ్డంగా పడుకున్నాడు. అతని పక్కన ఇంకొకడు. ఆ పక్కన నేను. బుల్డోజరు డ్రైవరు ఇంజను ఆపేసి కిందికి దిగిపోయాడు.

ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకున్నాడు. గొంతు మెత్తబడింది.

"ఆగండయ్యా. తోట పీకడం ఆపిస్తాను. ఆవిణ్ణీ వదిలేస్తారు. రాజధాని నుంచి లేబొరేటరీ వాళ్లని పిలిపిస్తాను. మీ ఆకులూ, నర్సరీ ఆకులూ అన్నీ కళ్లతో చూసి పరీక్షకి తీసుకెళ్తారు. జూలైలో వస్తారు. తప్పెవరిదో అప్పుడు తేలుద్ది. సరేనా?"

న్యాయంగానే వినిపించింది. కొమ్మలు కిందికి దిగాయి. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కూడా కొట్టారు. నేను లేచి బట్టలు దులుపుకుంటున్నాను.

స్తోయ్న జనాన్ని తోసుకుంటూ వెళ్లి ఆయన ఎదురుగా నిలబడింది.

"ఏటా ఆకు తెంపేదాన్ని నేను. జూలైలో నాకు పనుండదు సారూ. అప్పటికి మచ్చాకు రాలిపోద్ది, జూలై ఎండలకి వచ్చే కొత్తాకుకి మచ్చుండదు. ఆ సంగతి తెలిసే జూలై అన్నావు."

ఇన్‌స్పెక్టరు కారు వైపు చూశాడు. అద్దం దిగలేదు.