ఆర్డిస్ కోస్కెలా రెండేళ్లు

ఉదయం ఏడూ ఇరవైకల్లా స్టాఫ్ రూములో కాఫీ మరిగి మరిగి తారులా తయారవుతుంది. అయినా అందరూ అదే తాగుతారు. కారు మీద మంచు గీక్కుని, బ్యాటరీకి దండం పెట్టుకుని వచ్చినవాళ్లకి వేడిగా ఉంటే చాలు. వెర్నా జుపాన్ మాత్రం రెండు కప్పులు పోస్తుంది. ఒకటి తనకి, ఒకటి ఆర్డిస్ కోస్కెలాకి. ఆర్డిస్ తాగదు, కప్పు పట్టుకుని చేతులు వెచ్చబెట్టుకుంటుంది, అంతే. చనిపోయి పద్నాలుగు నెలలైంది మరి. ఎంతసేపు పట్టుకున్నా ఆ చేతులు వేడెక్కి చావవు.

ఉత్తర మిన్నెసోటాలో, ఇనుప గనుల పక్కన ఉన్న మా ఊళ్లో టీచర్లకి ఒక సదుపాయం ఉంది. కాలేజీకెళ్లి పై చదువు చదువుకుంటే ఆ ఫీజు స్కూలు తిరిగి ఇస్తుంది. ఊరికే ఇస్తుందా? కోర్సులో చేరకముందే కమిటీ అనుమతి తీసుకోవాలి. మార్కు ‘బి’ కంటే తగ్గకూడదు. డబ్బు పుచ్చుకున్నాక రెండు విద్యా సంవత్సరాలు ఇక్కడే పాఠాలు చెప్పాలి. మధ్యలో మానేస్తే మొత్తం వెనక్కి కట్టాలి, టీచరు కట్టలేకపోతే ఇంట్లోవాళ్లు కట్టాలి.

చదవడం రాని పిల్లలకి చదువు నేర్పే విద్యలో ఆర్డిస్ నాలుగు వేసవులు కష్టపడి ఎమ్మే చేసింది. ఆ సెప్టెంబరులోనే ఫీజు చేతికొచ్చింది. నవంబరులో గడ్డకట్టిన రోడ్డు మీద కలప లారీ ఆమె కారుని గుద్దేసింది. అప్పటికే భర్త రెయినోకి గనిలో పని పోయింది. డబ్బు వెనక్కి కట్టమంటే ఇల్లు అమ్ముకోవడమే.

శనివారం చర్చిలో అంత్యక్రియలు, కింద హాల్లో భోజనాలు. సోమవారం ఏడూ ఇరవైకి ఆర్డిస్ కోటు తగిలించి, బోర్డు మీద తేదీ వేస్తోంది. ప్రిన్సిపాల్ హాల్వర్ బ్రెక్కె గుమ్మంలో నిలబడి, “శుక్రవారానికి సెలవు కాగితం రాయలేదు మీరు,” అన్నాడు. ఆమె రాసిచ్చింది. అంతటితో సరి. చచ్చినా తప్పదు అన్న మాటకి మా ఊళ్లో ఎవరూ నవ్వరు.

మూడున్నర గంట కొట్టగానే ఆమె ఉండదు. ఎక్కడికి పోతుందో ఎవరూ అడగలేదు, అడిగేంత ధైర్యం ఎవరికుంది? రెయినో రోజూ మూడూ పాతిక్కి ట్రక్కు తెచ్చి కిటికీకి ఎదురుగా ఆపుతాడు. ఆవిడ లోపలి నుంచి చెయ్యి ఊపుతుంది, అతను బయటి నుంచి ఊపుతాడు. ఆ అయిదు నిమిషాలే కాపురం.

రెండో ఏడాది కూతురు టూలీ ఐదో తరగతికొచ్చింది. ఊరి మొత్తానికి ఐదో తరగతి ఒకటే, టీచరూ ఒకరే, ఆర్డిస్. క్లాసులో మిగతా పిల్లల్లాగే “మిసెస్ కోస్కెలా” అని పిలిచేది. అలా పిలవడానికి నోరెలా వచ్చేదో ఆ పదేళ్ల పిల్లకి! అయినా పొద్దున్నే అందరికంటే ముందొచ్చి కూర్చునేది.

జూన్‌తో గడువు తీరిపోతుంది. జనవరిలో రెయినో కొత్త దరఖాస్తు పట్టుకుని వచ్చాడు.

“ఇంకో కోర్సు తీసుకో ఆర్డిస్. ఫీజు ఇస్తే మళ్లీ రెండేళ్లు ఉండాల్సిందేగా.”

“అలిసిపోయాను రెయినో.”

“దానికోసం. నాకోసం వద్దులే, దానికోసం.”

కూతురి మాటెత్తితే ఏ తల్లి కాదంటుంది? సంతకం పెట్టింది. కమిటీలో బ్రెక్కె కాస్త నసిగాడు. కమిటీకి పెద్ద వెర్నా.

“చనిపోయినవాళ్లకి ఇవ్వకూడదని ఒప్పందంలో ఎక్కడుందో చూపించండి. నలభై పేజీలూ నేను చదివాను, మీరు చదివారా?” అందావిడ.

బ్రెక్కె పెన్ను తీసి సంతకం చేశాడు.

కోర్సు ప్రతి మంగళవారం సాయంత్రం స్కూలు లైబ్రరీలో, టీవీ తెర మీద. కాబట్టి మంగళవారాలు ఆర్డిస్ ఆరింటి దాకా ఉండేది. టూలీ పక్కనే కూర్చుని తల్లి భుజానికి తల ఆనించేది. చలికి వణుకుతూ కూడా జరిగేది కాదు. అక్కడ మాత్రం “అమ్మా” అని పిలిచేది, అయినదానికీ కానిదానికీ పిలిచేది.

మార్చిలో టూలీ మార్కులు పడిపోయాయి. భిన్నాల పరీక్షలో ఇరవైకి నాలుగు. వెర్నా కాగితం చూసి, “ఏమైందే దీనికి? కిందటేడు నా క్లాసులో మొదటి మార్కు దీనిదే!” అని ముక్కున వేలేసుకుంది.

ఆర్డిస్ కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. ప్రతి తప్పు జవాబు కిందా రబ్బరుతో చెరిపేసిన ఒప్పు జవాబు ఉంది.

ఆ మంగళవారం తెర మీద ప్రొఫెసరు చెప్పుకుపోతూనే ఉన్నాడు. ఆర్డిస్ గొంతు తగ్గించి, “ఎందుకు చెరిపావే?” అంది.

టూలీ సిగ్గుపడలేదు. “ఆరో క్లాసు పెద్ద బడిలో కదమ్మా. నువ్వక్కడికి రాలేవు. నేను ఫెయిలైతే నీ దగ్గరే ఉంటా. ఈ రెండేళ్లూ అయ్యాక ఇంకో కోర్సు తీసుకో. నేను మళ్లీ ఫెయిలవుతా.”

అన్నీ ఆలోచించి పెట్టుకుంది పిల్ల! ఆర్డిస్‌కి కోపం రాలేదు, భయం వేసింది. చనిపోయినప్పుడు కూడా అంత భయపడలేదామె.

మే చివర్లో కాలేజీ నుంచి మార్కుల కాగితం కమిటీకి వచ్చింది. ‘సి’. వెర్నా దాన్ని పట్టుకుని గదిలోకి పరిగెత్తుకొచ్చింది.

“ఒసేయ్, నీకు సి రావడమేంటే! వాళ్లేదో పొరపాటు చేసుంటారు. అప్పీలు పెడదాం, నే రాస్తా.”

“పొరపాటు కాదు. పెట్టకు.”

“సి వస్తే ఫీజు రాదు. ఫీజు రాకపోతే నువ్వు...” వెర్నా మాట మింగేసింది. పన్నెండేళ్ల స్నేహం వాళ్లది. ఆర్డిస్ మొహం చూసి సంగతంతా గ్రహించి, పిల్లల బల్ల మీద కూలబడి ఏడ్చింది.

ఆ మధ్యాహ్నం, వెర్నా చెప్పగా విని, రెయినో ట్రక్కు దిగి విసురుగా లోపలికి వచ్చేశాడు.

“నన్ను రెండుసార్లు విధురుణ్ణి చేస్తావా?” అని అరిచాడు. వరండాలో పిల్లలు ఆగిపోయారు.

“నేను ఆగిపోయానంటే ఒక అర్థముంది. అది పదేళ్లకే ఆగిపోతానంటోంది రెయినో. నన్ను చూసి నేర్చుకుంది. ఇంకో రెండేళ్లు ఇలాగే చూడమంటావా దాన్ని?”

అతను గోడకి తల కొట్టుకున్నాడు, ఆమె అడ్డంగా తన చెయ్యి పెట్టింది.

బడికి ఆఖరి రోజు. పిల్లలందరూ కేకలు పెడుతూ పోయారు. టూలీ ఒక్కర్తే మిగిలింది. మళ్లీ రాయించే పరీక్ష పాసైతేనే ఆరో తరగతి అని బ్రెక్కె తేల్చేశాడు. ఇరవై లెక్కలు. పంతొమ్మిదీ చకచకా చేసేసి, ఆఖరిదాని దగ్గర పెన్సిలు కింద పెట్టేసింది.

“నీకెప్పుడూ సి రాలేదమ్మా.”

“జవాబులు చెరిపేశాను. ఎలా చెరపాలో నువ్వే చూపించావుగా.”

టూలీ రబ్బరు అందుకుంది. “ఈ పంతొమ్మిదీ కూడా చెరిపేస్తే?”

“నువ్వు ఇదే బెంచీలో ఉంటావు. ఇక్కడ వేరే టీచరుంటుంది.”

గడియారంలో మూడూ ఇరవై నాలుగు. ఆర్డిస్ తొందరపెట్టలేదు. పక్కనే పిల్లల కుర్చీలో, మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది.

“నీకు ఏడుపు రావట్లేదా?”

“నాకు కళ్లనీళ్లు రావే తల్లీ. వస్తేనా, ఈ గది పట్టేది కాదు.”

టూలీ పెన్సిలు తీసింది. రబ్బరు పక్కకి నెట్టింది. తర్వాత ఆఖరి జవాబు రాసేసింది. ఆర్డిస్ ఎర్ర పెన్నుతో ఇరవైకి ఇరవై వేసి, రిపోర్టు కార్డు మీద సంతకం పెట్టి చేతికిచ్చింది. ఇస్తూ ఆ చెయ్యి కాసేపు వదల్లేదు. పిల్ల సంచీ సర్దుకుని, గుమ్మం దగ్గర నిలబడి, అందరు పిల్లల్లాగే అడిగింది.

“మిసెస్ కోస్కెలా, నేను వెళ్లొచ్చా?”

“వెళ్లమ్మా.”

ఇంకా రెండు నిమిషాలుంది. అయినా టూలీ వెళ్లింది. వరండా దాటి, మెట్లు దిగి, ఒక్కసారి కూడా కిటికీ వైపు తిరక్కుండా ట్రక్కెక్కి తలుపేసుకుంది. రెయినో మాత్రం గడియారం మూడున్నర కొట్టేదాకా కిటికీకేసి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆ తర్వాత ఇంకాసేపు ఊపాడు.

“ఏం చెప్పిందే అమ్మ?” అన్నాడు చివరికి.

“ఆరో క్లాసు,” అంది టూలీ, వెక్కిళ్ల మధ్య.