అడ్డుచెప్పే నిమిషం

వీబ్రెన్ హ్రోనింగన్ నగరానికి వచ్చింది ఒక పనిని ఆపడానికి. ఆపలేకపోతే పదిహేనేళ్ల బ్లాగును మూసుకుని ఇంటికి పోవడమే, మధ్యేమార్గం లేదు.

అతని సొంత జిల్లా ఫ్రీస్‌లాండ్‌లో పల్లెకో బ్యాండు మేళం ఉంది. ఆ మేళాల పోటీల మీద రాస్తాడు వీబ్రెన్. శనివారం పోటీ, ఆదివారం ఉతుకుడు. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా అతని బ్లాగు తెరిచి, అతన్ని తిట్టుకుంటూ, ఒక్క వాక్యం వదలకుండా చదివే మేళం నాయకులు పాతిక మందైనా ఉంటారు. పుట్టుకతోనే అతనికి చూపు లేదు. కంప్యూటర్ తెర మీద ఉన్నది చదివి వినిపిస్తుంది, తన వేళ్లతో తను రాసుకుంటాడు. పాఠకుల్లో సగం మందికి ఈ సంగతి తెలియదు. తెలియడం అతనికీ ఇష్టం లేదు.

ఆ బ్లాగు నడిచేది వెర్ఫ్ మీద. వెర్ఫ్ ఎవరి సొత్తూ కాదు. దేశదేశాల మనుషులు తీరిక చిక్కినప్పుడల్లా తలా ఒక చెయ్యి వేసి కట్టిన సాఫ్ట్‌వేర్ అది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, బాగుచేసి తిరిగి ఇవ్వచ్చు. వాళ్ల చర్చలన్నీ బహిరంగమే. తొమ్మిదేళ్లుగా వీబ్రెన్ రోజూ ఆ చర్చలు వింటున్నాడు. ఎవరికి ఎవరితో పడదో, ఎవరు ఆకలి మీద ఉంటే ఉత్తరం ఘాటుగా రాస్తారో అన్నీ తెలుసు. పక్కింటివాడి పిల్లలెందరో మాత్రం అడగకండి.

ఇన్నేళ్లలో అతను నోరు విప్పింది ఒక్కసారే. రెండేళ్ల క్రితం, బ్లాగు రాసుకునే కొత్త ఎడిటర్‌ను పరీక్షకు పెట్టినప్పుడు, మూడో పేరా దాటగానే రాసే చోటు మాయమవుతోందని ఫిర్యాదు రాశాడు. మర్నాడే ఎంతో మర్యాదగా జవాబు వచ్చింది. 'ధన్యవాదాలు. స్క్రీన్‌షాట్ ఒకటి పంపగలరా?'

గుడ్డివాణ్ణి తెర బొమ్మ తీసి పంపమన్నారు. పాపం, వాళ్లకేం తెలుసు, ఇతను చెబితే గదా! చెప్పుకుంటే జాలి మొదలవుతుంది, జాలి మొదలైతే అవతలివాళ్లు మాట వినడం మానేస్తారు అని అతని లెక్క. మొండికేసి ఊరుకున్నాడు. ముప్పై రోజులు గడిచాక, అందుకోసమే పెట్టిన యంత్రం ఆ ఫిర్యాదును మూసేసింది. 'ఫిర్యాదుదారు నుంచి జవాబు లేదు.'

ఇప్పుడు పాత ఎడిటర్‌ను తీసేసి అందరికీ ఆ కొత్తదే ఇస్తున్నారు. ఇవాళే, ఏడాదికోసారి వెర్ఫ్ వాళ్లంతా ఒకచోట కలిసే పనిరోజున, నాలుగు గంటలకు.

"ఎందుకన్నయ్యా ఇంత గొడవ? నువ్వు చెబుతూ ఉంటే నేను టైపు చేస్తాగా," అంది కారు నడుపుతున్న చెల్లెలు చిట్‌స్కె.

"నీ చేతిలో పడితే నా కారం కాస్తా పాయసమైపోతుందే తల్లీ. డ్రమ్ములవాడు నిద్రపోయాడని నేనంటే, డ్రమ్ములు ప్రశాంతంగా ఉన్నాయని రాస్తావు."

"నిద్రపోయిన వాడికి పెళ్లాంబిడ్డలు ఉండరా ఏంటి?"

"అదిగో. చూశావా?"

పాత ఫ్యాక్టరీ గోదాములో సభ. లోపల అడుగుపెట్టగానే వీబ్రెన్ కాళ్లు ఆగిపోయాయి. రెండు వందల మంది పని చేస్తున్న చప్పుడు అది. పది భాషల యాసలు, కీబోర్డుల టకటక, మధ్యలో మజ్జిగ గ్లాసుల మోత. జీతమిచ్చేవాడు లేడు, రమ్మని బలవంతపెట్టినవాడు లేడు. వీళ్లంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చి, తమకు ఎదురుపడని మనుషుల బ్లాగుల కోసం తలలు పట్టుకుని కూర్చున్నారు. తొమ్మిదేళ్లుగా వింటున్నా, ఇంత ఉంటుందని అతను అనుకోలేదు. 

ఎవరో వచ్చి భుజానికి తగిలారు. "అయ్యయ్యో, క్షమించండి, తప్పు నాదే, పూర్తిగా నాదే!"

"ల్యుబోమిరా?" అన్నాడు వీబ్రెన్.

అవతలి మనిషి ఉలిక్కిపడ్డాడు. "అవునండీ. మనం ఎప్పుడైనా కలిశామా?"

"లేదు. తొమ్మిదేళ్లుగా మీ క్షమాపణలు వింటున్నాను. సోఫియా ఊరి నుంచి మీరు రాసే ప్రతి ఉత్తరం దాంతోనే మొదలవుతుందిగా."

ల్యుబోమిర్ పకపకా నవ్వాడు, అలా నవ్వినందుకు మళ్లీ క్షమాపణ చెప్పుకున్నాడు.

నాలుగైంది. వెర్ఫ్ వాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. కొత్తది విడుదల చేసే బాధ్యత తీసుకున్న మనిషి ఒక్కో బల్ల దగ్గరి జట్టునూ పేరుపేరునా అడుగుతారు. అందరూ సరేనన్నాక, 'ఎవరికైనా అడ్డుందా?' అని అడిగి నిమిషం ఆగుతారు. ఆ నిమిషంలో ఎవరైనా లేవచ్చు. నిన్న చేరినవాడి మాటకూ, పదేళ్లు పనిచేసినవాడి మాటకూ అదే విలువ. కాకపోతే లేచినవాడు ఊరికే గొణిగితే చాలదు, లోపాన్ని అక్కడికక్కడే నిరూపించాలి. గత నాలుగు విడుదలల్లోనూ ఆ నిమిషం మౌనంగానే గడిచిందని వీబ్రెన్‌కు తెలుసు.

ఈసారి బాధ్యత స్వీడన్ నుంచి వచ్చిన ఇల్వాది. బల్లలన్నీ సరేనన్నాయి. "ఎవరికైనా అడ్డుందా?" అంది ఇల్వా.

నిమిషం మొదలైంది.  ఊరూరి మేళాలను చీల్చి చెండాడే నోరు ఇక్కడ పెగల్లేదు. చిట్‌స్కె మోచేత్తో డొక్కలో పొడిచింది. "లేస్తావా, నన్ను లేవమంటావా?"

లేచాడు. "ఉంది. నాకు అడ్డుంది."

"చూపించగలరా?" అంది ఇల్వా.

"చూపించలేను. వినిపిస్తాను."

అతని లాప్‌టాప్‌ను సభ స్పీకర్లకు కలిపారు. యంత్రం గొంతు అతనికి అలవాటైన వేగంలోనే గలగలమంది. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఇది మాటలేనా?" అన్నారెవరో. వేగం తగ్గించి రాయడం మొదలుపెట్టాడు. శీర్షిక. మొదటి పేరా. రెండు. మూడు. ఆ తరువాత ఏ మీట నొక్కినా గొంతు ఒక్కటే మాట చెప్పింది. 'ఖాళీ. ఖాళీ. ఖాళీ.'

"ఇది నేను రెండేళ్ల కిందటే చెప్పాను. స్క్రీన్‌షాట్ అడిగారు."

 ఇల్వా గొంతు వినిపించింది, ఈసారి మైకులోంచి కాదు. అతని ముందుకు వచ్చి నిలబడింది. "అడిగింది నేనే," అంది. "ఒక్క ప్రశ్న పడేసి వెళ్లిపోయాను. మళ్లీ వెనక్కి వచ్చి చూడలేదు."

"నేనూ జవాబు ఇవ్వలేదు," అన్నాడు వీబ్రెన్. ఆ మాట అనాలని అతను రాలేదు. కానీ అదే నిజం.

ఇల్వా సభవైపు తిరిగింది. "అందరూ తెరలు ఆపండి. పూర్తిగా. చదివే గొంతు పెట్టుకుని నాలుగు పేరాలు రాసి ప్రచురించండి. పది నిమిషాలు."

రెండు వందల లాప్‌టాప్‌లు ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టాయి. విసుగులు, నవ్వులు, తిట్లు, ఆపైన మెల్లగా సద్దుమణిగి 'ఖాళీ, ఖాళీ' అనే గొంతులే మిగిలాయి, ఈ మూలనుంచి ఆ మూలదాకా.  ఇన్నాళ్లూ తన ఒక్క గదిలో తనొక్కడే విన్న మాట అది. ఇప్పుడు గోదామంతా వింటోంది. నాలుగో పేరా దాకా చేరినవాళ్లు ఒక్కరూ లేరు.

"విడుదల ఆగింది," అంది ఇల్వా.

ఆగడమంటే మాటలా! లక్షల బ్లాగులు ఎదురుచూస్తున్న విడుదల. ఒక్క పల్లెటూరి మనిషి లేచి వద్దన్నందుకు ఆగింది.

"అయితే ఒకటుంది," అన్నాడు ల్యుబోమిర్. "మన్నించండి, ఇది మా పద్ధతి. ఈ హాల్లో అన్నది లెక్కలోకి రాదు. ఇక్కడికి రాలేనివాళ్లకూ తెలియాలి కదా. ఆగిన కారణం బహిరంగ చర్చలో ఉండాలి, అడ్డుచెప్పినవారే రాయాలి. మూసేసిన మీ ఫిర్యాదును తెరిచాను. అక్కడ రాయండి."

వీబ్రెన్ వేళ్లు మీటల మీద ఆగిపోయాయి. కారణం రాయాలంటే ఆ ఒక్క మాట రాయాలి. ఈ గోదాములో చెప్పడం వేరు, ప్రపంచమంతా చదివే చోట తన పేరుతో పెట్టడం వేరు. చిట్‌స్కె వంగి చెవిలో అడిగింది. "నన్ను రాయమంటావా అన్నయ్యా? ఏదో సర్ది రాస్తాలే."

"వద్దు. సర్దకు."

రాశాడు. 'స్క్రీన్‌షాట్ పంపలేను. నేను గుడ్డివాణ్ణి. మూడో పేరా తరువాత నాకు రాసే చోటు దొరకడం లేదు. ఏం కావాలన్నా అడగండి, ఈసారి జవాబిస్తాను.' పంపేశాడు. 

పని మొదలైంది. ఎడిటర్‌లో ఆ ముక్క రాసినవాడు ల్యుబోమిరే. వచ్చి పక్కన కూర్చుని, క్షమాపణలు కట్టిపెట్టి, మొదటిసారి నోరెత్తకుండా విన్నాడు. మరమ్మతు చేశాడు, వీబ్రెన్ పరీక్షించాడు, చెడింది. రెండోసారి మూడో పేరా దక్కింది కానీ రెండోది గల్లంతైంది. "మన మేళాల్లో ట్రాంబోన్లు ఊదేవాళ్లే నయం," అని గొణిగింది చిట్‌స్కె. చుట్టూ జనం మూగారు. ఎవరో రొట్టె తెచ్చి చేతిలో పెట్టారు. ఒక్కరి గొంతులోనూ జాలి లేదు. 'మళ్లీ నొక్కండి', 'ఇప్పుడేమంటోంది?', 'ఛ, తప్పు' అంటున్నారు అంతే. ఇన్నేళ్లూ తను భయపడింది ఈ మనుషులకా అని వీబ్రెన్‌కు సిగ్గేసింది.

ఆరున్నరకు నాలుగో పేరా వచ్చింది. అయిదూ వచ్చింది. ప్రచురించు మీట నొక్కాడు. 'ప్రచురితమైంది' అంది గొంతు. ల్యుబోమిర్ బల్ల మీద తల వాల్చేసి ఏడ్చాడో నవ్వాడో తెలియలేదు.

"ఫిర్యాదులో రాసేయండి, బాగైందని," అంది ఇల్వా. "రాశాక విడుదల చేద్దాం."

వీబ్రెన్ ఆ పేజీ తెరిచాడు. తన మాట కిందే రాయాలి. కానీ గొంతు చదివింది, 'ఇరవై మూడు జవాబులు.' ఇందాక తను రాసినప్పుడు ఒక్కటీ లేదు. మొదటిది వినిపించింది.

'పోర్టో నుంచి. నాకూ చూపు లేదు. నన్నూ స్క్రీన్‌షాట్ అడిగారు.'

'టాలిన్ నుంచి. నాకు చూపు పోయి పదేళ్లు. ఆరేళ్లుగా మీ చర్చలు వింటున్నాను. నేను రాస్తున్న మొదటి మాట ఇదే.'

'నేను కార్క్‌లో ఉంటాను. మూడో పేరా దగ్గర ఆగిపోయి, తప్పు నాదేననుకుని బ్లాగు మూసేశాను.'

ఇల్వా అతని కుర్చీ వీపును గట్టిగా పట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే దగ్గరకు జరిగారు. వీబ్రెన్ చదివే గొంతు వేగాన్ని ఇంకా తగ్గించాడు, ఒక్క పేరూ జారిపోకూడదని.

"ఏమైందన్నయ్యా? ఎవరు వాళ్లు?" అంది చిట్‌స్కె.

"ఉండవే," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఇంకా వస్తున్నారు."